ఎంబడి: గొలుసు లేని కుక్క చరిత్ర

పొద్దున ఆరింటికి తార్నాక వైపు నుంచి ఉస్మానియా క్యాంపస్‌లోకి వచ్చేవాళ్లలో మూడు రకాలుంటారు. వాకింగ్‌కి వచ్చే రిటైర్డ్ ఉద్యోగులు, గ్రూప్స్ నోట్సు చంకలో పెట్టుకుని చెట్టునీడ వెతుక్కునే నిరుద్యోగులు, ఈ రెండు రకాల వెంటా తోకలూపుకుంటూ తిరిగే కుక్కలు. రెండేళ్లుగా నాది నాలుగో రకం. చేతిలో గొలుసు, గొలుసు చివర కుక్క.

దాని పేరు రంగి. క్యాంపస్‌లోనే పుట్టింది. ఒక చెవి కొస కాస్త కత్తిరించి ఉంటుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి, తెచ్చిన చోటే వదిలారనడానికి అది గుర్తు. నేను హాస్టల్ ఖాళీ చేసి తార్నాకలో గదికి మారినప్పుడు నా వెంటే వచ్చేసింది. ఇంటి ఓనరు ఒక్కటే షరతు పెట్టారు, బయట తిప్పేటప్పుడు గొలుసు ఉండాలని. సరేనని బెల్టూ గొలుసూ కొన్నాను. అంతవరకూ హాస్టల్ నుంచి లైబ్రరీ దాకా నా పక్కనే బుద్ధిగా నడిచిన కుక్క, గొలుసు కట్టిన రోజు నుంచి ముందుకు గుంజడం మొదలుపెట్టింది. అది ముందుకి, నేను వెనక్కి. ఆర్ట్స్ కాలేజీ చేరేసరికి ఇద్దరికీ ఆయాసం. ఇక లాభం లేదని, విదేశీ ట్రైనర్ల వీడియోలు చూసి, గొలుసు లేకుండా నా ఎడమ కాలి పక్కనే నడిచేలా నేర్పాలని నిర్ణయించుకున్నాను. 'హీల్' అంటారు దాన్ని.

గేటు దగ్గరి సెక్యూరిటీ పెద్దాయన ఓ వారం ఈ తతంగమంతా చూసి అన్నాడు: "గొలుసెందుకు బిడ్డా? ఉట్టిగనే నీ ఎంబడి వస్తుండె గదా. ఇప్పుడు నువ్వే దాని ఎంబడి ఉరుకుతున్నవ్."

నవ్వొచ్చింది కానీ ఆ మాట నన్ను వదల్లేదు. ఎంబడి. నేను వీడియోలు చూసి ఇంగ్లీషులో నేర్పాలనుకుంటున్నదానికి ఈయన దగ్గర ఎప్పటినుంచో మాట ఉంది. మరి కుక్క మెడకి తాడు ఎప్పుడు పడింది? ఎందుకు పడింది? శిక్షణ పుస్తకాలన్నీ గొలుసుని కుక్కకీ యజమానికీ మధ్య వ్యవహారంగానే చెప్తాయి. అదీ ఇదీ చదువుతూ పోతుంటే నాకు అలా అనిపించలేదు. గొలుసు కథలో ప్రతిచోటా ఒక మూడో ప్రాణి ఉంది. చాలాసార్లు అది మూడో మనిషి.

*

ముందు మాటల సంగతి. ఇంగ్లీషు 'హీల్' అంటే మడమ. జర్మన్ ట్రైనర్లు ఇదే ఆజ్ఞకి 'ఫూస్' అంటారు, అంటే పాదం. తెలుగులో దీనికి ఆజ్ఞ లేదు. మన ఇళ్లలో కాస్త గమనించండి. మనవలతో అచ్చ తెలుగులో మాట్లాడే తాతగారు కూడా పెంపుడు కుక్కతో 'కమ్, సిట్, గో' అనే అంటారు. టామీ, టైగర్, జిమ్మీ అని పేర్లు కూడా అటువే. బంగళా కుక్కతో పాటు బంగళా భాష కూడా మన గుమ్మంలోకి వచ్చింది.

మరి మన సొంత కుక్క మాటలేవి? పిలవడానికి 'తూ తూ', తరమడానికి 'ఛీ, ఫో', మీదికి పంపడానికి 'ఉస్కో'. పిలవడం, తరమడం, పంపడం. పక్కన నిలబెట్టుకోవడానికి మాత్రం మాట పుట్టలేదు. మాట లేదంటే ఆ పని లేదని కాదు. చెప్పకుండానే జరిగిపోయేదానికి ఆజ్ఞతో అవసరం ఉండదు. అందుకే మనకి 'వెంబడి', 'వెన్నంటి', 'వెంట' లాంటి మాటలున్నాయి. ఇవి కుక్కకి ఇచ్చే ఉత్తర్వులు కావు, కుక్క చేసే పనికి పెట్టిన పేర్లు.

ఇంకో రెండు మాటలు. 'ఊరకుక్క' అంటే ఇవాళ తిట్టు. విడదీసి చూస్తే ఊరి కుక్క. ఫలానా వాళ్లది కాదు, ఊరిది. ఒకరిది కానప్పుడు తాడు పట్టుకునే చేయీ ఉండదు. 'జాగిలం' దీనికి భిన్నం. అది వేటకుక్క, దొరవారి కుక్క. ఇవాళ్టి పేపర్లలో 'పోలీసు జాగిలాలు రంగంలోకి దిగాయి' అని చదివేది ఆ పాత మాటే. ఊరకుక్కకి తాడు లేదు, జాగిలానికి ఉంది. తేడా తెలివిలో లేదు, ఎవరి తరఫున పనిచేస్తుందన్నదాంట్లో ఉంది.

*

వేటకుక్క తాడుకి ఒక విచిత్రం ఉంది. అది కట్టేది విప్పడానికే. సరైన క్షణం దాకా పట్టి ఉంచి, జంతువు కనబడగానే వదలడం. 'ఉసిగొల్పడం' అనే మాట ఇప్పుడు రాజకీయ వార్తల్లో స్థిరపడిపోయింది కానీ దాని పుట్టుక ఈ వదిలే క్షణంలోనే ఉంది.

కర్ణాటకలోని మండ్య ప్రాంతంలో ఆతకూరు శాసనం అని ఒకటుంది. కాలం సామాన్య శకం 949-50. రాష్ట్రకూటులు తక్కోలం దగ్గర చోళుల్ని ఓడించిన రోజులు. ఆ యుద్ధంలో పరాక్రమం చూపిన మణలేర అనే యోధుణ్ని గంగరాజు బూతుగుడు ఏం కావాలో కోరుకోమన్నాడు. అతను ఊళ్లు అడగలేదు. కాళి అనే వేటకుక్కని అడిగాడు. తర్వాత ఆ కాళిని ఒక పెద్ద అడవిపంది మీదికి వదిలారు. పోరాటంలో రెండూ చచ్చిపోయాయి. కుక్క పేరున రాయి నిలబెట్టి, దాని పూజకి భూమి ఇచ్చారు. వెయ్యేళ్ల కిందటి ఒక కుక్క పేరు మనకి తెలియడం మామూలు విషయం కాదు. అయితే గమనించాల్సింది, ఆ కుక్క తాడు విప్పింది పంది కోసం. ఇక్కడ మూడో ప్రాణి వేట జంతువు.

మరో రెండొందల ఏళ్లకి కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు రాసిన మానసోల్లాసంలో రాజుల వినోదాల జాబితాలో 'సారమేయ వినోదం' చేరింది. తెలంగాణలో చాలా భాగం అప్పుడు ఆ చాళుక్యుల ఏలుబడే. తర్వాత వచ్చిన తెలుగు ప్రబంధాల్లో వేట వర్ణన ఉంటే వేటకుక్కల వర్ణన కూడా వచ్చి తీరాల్సిందే. ధూర్జటి తిన్నడి కథ నుంచి పెద్దన స్వరోచి వేట దాకా అడవి మొదలైతే కుక్కలు మొదలవుతాయి.

'సారమేయం' అంటే సరమ సంతానం. సరమ దేవతల కుక్క. మహాభారతం ఆదిపర్వంలో దాదాపు మొదట్లోనే సరమ కథ వస్తుంది. జనమేజయుడి యాగశాల దగ్గర తిరుగుతున్న సరమ కొడుకుని రాజు తమ్ముళ్లు కొడతారు. అది హవిస్సు వంక చూడలేదు, నాకలేదు. తప్పు చేయని నా బిడ్డని ఎందుకు కొట్టారని తల్లి వచ్చి నిలదీసి, అనుకోని భయం వచ్చి పడుతుందని శపిస్తుంది. నన్నయ తెలుగు చేసిన కథల్లో ఇది మొదటి వరసలోది. చివర్లో, మహాప్రస్థానంలో, ఇంకో కుక్క. హస్తినాపురం విడిచిన పాండవుల వెనక ఎవరూ పిలవకుండా, ఎవరూ కట్టకుండా బయల్దేరుతుంది. ద్రౌపది, నలుగురు తమ్ముళ్లు దారిలో పడిపోతారు. కుక్క మిగులుతుంది. ఇంద్రుడు రథం తెచ్చి దాన్ని వదిలి ఎక్కమంటే ధర్మరాజు ఎక్కనంటాడు. సెక్యూరిటీ పెద్దాయన భాషలో చెప్తే, భారతం మొత్తంలో ఎంబడి నడిచిన కుక్క అంటే అదే.

ఈ రెంటి మధ్య మనం సాధారణంగా లెక్కలోకి తీసుకోని మూడో కుక్క ఒకటుంది. ఏకలవ్యుడి కథలోది. పాండవులు అడవికి వేటకి వెళ్తారు, కూడా ఒక కుక్క. అది వాళ్ల దగ్గర ఉండకుండా అడవిలో తిరుగుతూ పోయి, తోలు కట్టుకుని విలువిద్య సాధన చేస్తున్న ఒక అపరిచితుణ్ని చూసి మొరుగుతుంది. అతను దాని నోటి నిండా బాణాలు కొడతాడు. అది ఆ నోటితోనే పాండవుల దగ్గరికి పరిగెడుతుంది. తర్వాత ఏమైందో మనకి తెలుసు. ద్రోణుడి గురుదక్షిణ మీద పేజీలకి పేజీలు రాశాం. వేలు తెగడానికి దారి చూపింది మాత్రం పక్కన ఉండకుండా తప్పుకుపోయిన దొరల కుక్క. కొత్త మనిషిని, అందులోనూ తనవాళ్లకంటే వేరే బట్టల్లో ఉన్న మనిషిని చూసి కుక్క మొరగడం ఇవాళ్టికీ మన గేటెడ్ కాలనీల్లో రోజూ జరిగేదే. మొరుగు తినేది ఎవరో కూడా మనకి తెలుసు. పనిమనుషులు, డెలివరీ కుర్రాళ్లు, చెత్త ఏరుకునేవాళ్లు.

కుక్కకీ కులానికీ ముడి పాతదే. చండాలుడికి ఆస్తి కుక్కలూ గాడిదలే అని మనుస్మృతి పదో అధ్యాయం చెప్తుంది. ఒకే జంతువు రాజు చేతిలో ఉంటే వినోదం, ఊరి బయట ఉంటే అంటు.

*

ఇక పనికుక్కలు. వీటికి శాసనాలు లేవు, కావ్యాలు లేవు. గొలుసు లేకుండా నడవడం అనే విద్యకి మన దగ్గర అసలైన వారసులు మాత్రం ఇవే.

కొల్లేరు చుట్టుపక్కల ఊళ్లలో జోనంగి అనే జాతి ఉంది. పొట్టి బొచ్చు, ముడతల నుదురు. కోతలయ్యాక పొలాల్లో రాలిన వడ్లు మేపుతూ ఊరి నుంచి ఊరికి బాతుల మందల్ని తోలుకెళ్లేవాళ్లు వీటిని వాడేవారు. వందల బాతుల పక్కన గట్టు మీద ఒక కుక్క. బాతు ఎంత కమ్మని తిండో దానికి తెలుసు. అయినా ముట్టుకోదు. దాని మెడకి తాడు లేదు. ఎనభైలూ తొంభైల్లో కొల్లేటి చుట్టూ చేపల చెరువులు పెరిగాయి. బాతుల మేత తగ్గింది. పని పోయిన కుక్కకి విలువ పోయింది, చేపల చెరువుల వాళ్లకి అది బెడదగా మారింది. తెలంగాణ, రాయలసీమల్లో కురుమలు, గొల్లల మందల వెంట తిరిగే కుక్కలదీ ఇదే విద్య. రాత్రి ఎవరి చేలోనో మంద కడితే చుట్టూ కాపలా, పగలు మంద వెంట నడక. కర్నూలు వైపు పత్తికొండ దగ్గరి పందికోన పేరుతో ఒక జాతే ఉంది. తమిళనాడులో రాజపాళయం జాగిలాన్ని పెంచి పేరు తెచ్చింది అక్కడ స్థిరపడిన తెలుగు రాజులు. 2005లో తపాలా శాఖ నాలుగు దేశవాళీ కుక్కల మీద స్టాంపులు వేస్తే రాజపాళయం ఎక్కింది. జోనంగి, పందికోన ఎక్కలేదు.

వీటికి 'హీల్' ఎవరు నేర్పారు? ఒక్క పాఠంగా ఎవరూ నేర్పలేదు. స్కాట్, ఫుల్లర్ అనే అమెరికన్ పరిశోధకులు 1965లో అచ్చయిన పుస్తకంలో ఒక సంగతి తేల్చారు. కుక్కపిల్లకి మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా ఒక కిటికీ తెరిచి ఉంటుంది. ఆ లోపు ఎవరి మధ్య పెరిగితే వాళ్లని తనవాళ్లనుకుంటుంది. మందలో పుట్టిన పిల్ల మందని తన ఇల్లనుకుంటుంది. పెద్ద కుక్కని చూసి నేర్చుకుంటుంది. తప్పు చేస్తే కాపరి అదిలింపు, బాగుంటే రాత్రి సంకటి ముద్ద. తెలుగులో దీనికి చక్కటి మాట ఉంది, 'మచ్చిక'. లొంగదీసుకోవడం, ప్రేమ పుట్టడం, అలవాటు పడడం, అన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. పైగా పొలంలో, చెరువు గట్టు మీద ఆ కుక్క ఎవరిదో దారిన పోయే అందరికీ తెలుసు. కుక్కకి వాళ్లు తెలుసు. మూడో మనిషి ఉన్నా అతను కొత్తవాడు కాదు. తాడు అక్కర్లేకపోవడానికి సగం కారణం కుక్క శిక్షణ, సగం కారణం ఊరి పరిచయం.

*

పట్నంలో ఈ పరిచయమే ఉండదు. తాడు అందరి మెడకీ ఎక్కింది అక్కడే, రేబిస్ భయంతో.

1832లో బొంబాయిలో ఊరకుక్కల్ని చంపమని కంపెనీ ప్రభుత్వం చేయించిన పనికి పార్సీలు వీధికెక్కారు. అది కుక్కల అల్లరిగానే చరిత్రకెక్కింది. లండన్‌లో 1867 నాటి చట్టం ఎవరి అదుపూ లేకుండా వీధుల్లో తిరిగే కుక్కల్ని పట్టుకునే అధికారం పోలీసులకిచ్చింది. మూతికి చిక్కం, మెడకి తాడు, లేకపోతే జరిమానా. ఆ పద్ధతితోనే బ్రిటన్ 1902 నాటికి రేబిస్‌ని వదిలించుకుంది. మన దగ్గర 1860 నాటి శిక్షాస్మృతిలో 289వ సెక్షన్ ఉండేది. నీ అధీనంలో ఉన్న జంతువు వల్ల ఇంకొకరి ప్రాణానికి అపాయం రాకుండా జాగ్రత్త పడకపోతే నేరం. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 291. ఈ చట్టాల్లో కుక్క మనసు గురించి ఒక్క మాట ఉండదు. ఉన్నదంతా ఎదురుగా వచ్చే మనిషి గురించే.

1885లో పాశ్చర్ టీకా వచ్చింది. దక్షిణాదిలో దాని కోసం 1907లో కూనూరులో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. పిచ్చికుక్క కరిస్తే కొండెక్కాల్సిందే. 1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ చేసిన టీకా తర్వాత మందు కిందికి దిగి ఊళ్లకొచ్చింది. మన పెద్దవాళ్లు కథలుగా చెప్పే 'బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లు' ఆ సెంపుల్ టీకావే. గొర్రె మెదడు నుంచి తీసిన ఆ మందు దాదాపు ఒక శతాబ్దం నడిచింది. భుజానికి నాలుగైదు సూదులతో అయిపోయే ఇప్పటి తరానికి ఆ భయం తెలియదు.

ఈ కథ నేను రోజూ నడిచే దారిలోనే ఉందని ఆలస్యంగా తెలిసింది. తార్నాకలో, క్యాంపస్‌కి ఆనుకుని, జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా. దాని గేటు ముందు నుంచి వేలసార్లు వెళ్లుంటాను. 1918లో రాబర్ట్ మెకారిసన్ బెరిబెరి జబ్బు మీద పరిశోధనకి మొదలుపెట్టిన చిన్న ప్రయోగశాల అది. మొదలైంది ఎక్కడంటే, కూనూరు పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో, ఒకే ఒక్క గదిలో. 1958లో హైదరాబాద్ వచ్చింది, 1969లో ఇప్పటి పేరు పెట్టుకుంది. కుక్కకాటు ఆసుపత్రిలో ఒక గదిగా పుట్టిన సంస్థ చివరికి ఇన్ని కుక్కలున్న క్యాంపస్ పక్కన ఇల్లు కట్టుకుంది. ఉస్మానియా పుట్టిందీ 1918లోనే.

*

గొలుసుతో నడిపించడం ఒక శాస్త్రంగా మారింది కూడా ఈ కాలంలోనే, అయితే పోలీసు స్టేషన్లలో. 1906లో జర్మనీలోని సార్‌బ్రూకెన్ పోలీసుల్లో కుక్కలకి శిక్షణ మొదలుపెట్టిన కోన్రాడ్ మోస్ట్ 1910లో పుస్తకం రాశాడు. కుక్కకి నీతి తెలియదు, తన చర్యకి వచ్చే ఫలితమే తెలుసు అన్నది అతని సూత్రం. అప్పటికి అది గొప్ప ముందడుగు. ఆచరణలో మాత్రం ముళ్ల పట్టీ, బెత్తం. సంస్కృతం ఒకే ధాతువు నుంచి మనకి 'శిక్ష'నీ 'శిక్షణ'నీ ఇచ్చింది. మోస్ట్ పుస్తకంలో ఆ రెండూ విడిపోలేదు.

1933లో హెలెన్ వైట్‌హౌస్ వాకర్ అనే పూడిల్ పెంపకందారు న్యూయార్క్ దగ్గర మౌంట్ కిస్కోలో మొదటి విధేయత పోటీ పెట్టింది. పూడిల్ అంటే ముస్తాబు చేసుకునే కుక్క అని వెక్కిరించేవాళ్లకి జవాబుగా. 1936లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ దానికి నియమాలు రాసింది. గొలుసుతో నడక, గొలుసు లేకుండా నడక రెండూ పరీక్షలయ్యాయి. కాపరి కుక్కకి బతుకైనది ఇక్కడ మార్కులైంది. 1962లో డిస్నీ సినిమాల కుక్కలకి శిక్షణ ఇచ్చిన విలియం కోలర్ పొడుగు తాడు పద్ధతి రాశాడు. మాట్లాడకుండా నడుస్తూ పో, కుక్క ధ్యాస మళ్లిన క్షణం ఎదురు దిక్కుకి తిరుగు, తాడు దాన్ని లాగేస్తుంది. ఫలితం వచ్చేది. కుక్క మనిషి మీద కన్ను తీయకుండా నడిచేది, భయంతో. తోడేళ్ల గుంపులో 'ఆల్ఫా' ఉంటుంది, నువ్వే ఆల్ఫా కావాలి అనే బోధ కూడా అప్పుడే పెరిగింది. దాని మూలం 1947లో రుడాల్ఫ్ షెంకెల్ బందీ తోడేళ్ల మీద చేసిన పరిశీలన. అడవిలో తోడేళ్ల గుంపంటే అమ్మానాన్నా పిల్లలే అని డేవిడ్ మెక్ 1999లో రాశాక కూడా ఆ మాట యూట్యూబ్‌లో చావలేదు.

రెండో పాయ స్కిన్నర్‌ది. 1951లో సైంటిఫిక్ అమెరికన్‌లో జంతువులకి ఎలా నేర్పాలో రాస్తూ, టిక్కుమనే చిన్న బొమ్మ చాలన్నాడు. కావలసిన పని జరిగిన క్షణంలో టిక్కు, వెంటనే తిండి. 1984లో కారెన్ ప్రయర్ పుస్తకంతో అది ఇళ్లలోకి వచ్చింది. శిక్ష నుంచి శిక్షణ విడిపడింది ఇక్కడ.

నేను రంగితో చేసింది ఇదే. ఉడకబెట్టిన కార్జం ముక్కలు ఎడమ జేబులో. గొలుసు బిగుసుకుంటే చెట్టులా నిలబడిపోవడం. వదులైతే కదలడం. నా ఎడమ మోకాలి పక్కకి వచ్చిన క్షణంలో, ఒక్క సెకను కూడా ఆలస్యం చేయకుండా, ముక్క. మొదట రెండడుగులకి ఒకటి, తర్వాత ఐదుకి, తర్వాత ఎప్పుడిస్తానో దానికి తెలియకుండా. పదిహేను రోజులకి గది ముందు సందులో పాఠం వచ్చేసింది. క్యాంపస్‌లో అడుగుపెట్టగానే మొత్తం మరిచిపోయింది. కుక్కలు పాఠాన్ని చోటుతో కలిపి నేర్చుకుంటాయి. ఉడత, నెమలి, పారేసిన బిర్యానీ పొట్లం, ఇంకో గుంపు సరిహద్దు, ఒక్కోదాని దగ్గరా మళ్లీ ఒకటో తరగతే. తర్వాత ముప్పై అడుగుల నైలాన్ తాడు కట్టి నేల మీద ఈడ్చుకుంటూ రానివ్వడం. పిలిస్తే వచ్చేది ఖాయమయ్యాకే తాడు విప్పడం.

నడుమ ఒక సంగతి తెలిసి నిలబడిపోయాను. కోల్‌కతా ఐసర్‌లో అనిందితా భద్ర బృందం వీధికుక్కల మీద ఏళ్ల తరబడి పనిచేస్తోంది. 2017లో దేబొత్తమ్ భట్టాచార్జీ, ఆయన సహచరులు ఒక ఫలితం ప్రచురించారు. కొత్త మనిషి పదేపదే తిండి పెట్టడం కంటే, పదేపదే తల నిమరడమే వీధికుక్కలో ఎక్కువ నమ్మకం పుట్టించిందట. కార్జం ముక్కలు అయిపోయిన రోజు రంగి ఎందుకు ఇంకా బాగా నడిచిందో అప్పుడర్థమైంది. ఆ రోజు జేబు ఖాళీ కాబట్టి నేను ప్రతిసారీ వంగి దాని తల నిమిరాను. నెలన్నర కష్టపడి నేను చేరిన చోటికి మచ్చిక అనే మాట ముందే చేరింది.

*

మొత్తానికి ఒక ఆదివారం పొద్దున, ల్యాండ్‌స్కేప్ గార్డెన్ వైపు రోడ్డు మీద గొలుసు విప్పాను. రంగి నా ఎడమ కాలి పక్కన, తోక సగం ఎత్తి, ఒక్క అడుగు ముందుకి పోకుండా నడిచింది. నెమలి అరిచినా తిరగలేదు. 1939లో తలుపులు తెరిచిన ఆర్ట్స్ కాలేజీ గులాబీ రాయి మీద ఎండ అప్పుడే పడుతోంది. ఏదో సాధించేశాననిపించింది.

ఎదురుగా ఒకావిడ, చెయ్యి పట్టుకుని నాలుగైదేళ్ల బాబు. రంగి వాళ్ల వంక చూడను కూడా చూడలేదు. ఆ పిల్లవాడు మాత్రం గజగజ వణికిపోయి, తల్లి కొంగులో దూరి, ఊపిరాడనంతగా ఏడ్చాడు. "ఏం అనదండీ, ట్రైనింగ్ ఇచ్చాను" అన్నాను. ఆవిడ కోపంగా కూడా చూడలేదు. "మీకు తెలుసు. వాడికెట్ల తెలుస్తది?" అని బాబుని ఎత్తుకుని రోడ్డు అవతలికి వెళ్లిపోయింది.

2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో వీధికుక్కల దాడిలో నాలుగేళ్ల పిల్లవాడు చనిపోయాడు. వాచ్‌మన్ కొడుకు. ఆ సీసీటీవీ వీడియో చూడని ఫోన్ ఈ నగరంలో లేదు. అంబర్‌పేట క్యాంపస్ పక్కనే. ఆవిడ చూసింది రంగిని కాదు, ఆ వీడియోని. మనుషుల్లో రేబిస్‌కి నూటికి తొంభైతొమ్మిది పాళ్లు కుక్కే కారణం. లక్షణాలు బయటపడ్డాక బతకడం దాదాపు లేదు. ఇవన్నీ ఆవిడ పక్షాన ఉన్న వాస్తవాలు. నా పక్షాన ఉన్నది నెలన్నర సాధన. అది ఆవిడకి కనపడదు.

2025 నవంబర్ 7న సుప్రీం కోర్టు విద్యాసంస్థలు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలో వీధికుక్కల్ని పట్టి, ఆపరేషన్, టీకా అయ్యాక షెల్టర్లకి తరలించాలని, మళ్లీ అక్కడ వదలొద్దని, చుట్టూ కంచె వేయాలని ఆదేశించింది. 2001 నుంచి ఉన్న నియమాల లెక్క వేరు, పట్టిన చోటే వదలాలి. రంగి చెవి మీది గుర్తు ఆ పాత ఒప్పందానిదే. తార్నాక పేరు గురించి పాతవాళ్లు చెప్పే కథ ఒకటుంది. తార్ అంటే తీగ, నాకా అంటే కాపలా చోటు. నిజాం కాలంలో తోటల చుట్టూ తీగ కంచె వేసి ఇక్కడ కాపలా పెట్టేవారట. ఇప్పుడు మళ్లీ కంచె మాట వచ్చింది.

కంచె వేయడం తేలిక. ఇన్ని వందల ఎకరాల్లో, ఇన్ని దారుల్లో, తరతరాల విద్యార్థుల ఎంబడి నడిచిన కుక్కల్ని ఎక్కడికి తీసుకెళ్తారు, ఎవరు సాకుతారు అన్నవి కష్టమైన ప్రశ్నలు. నేను కుక్కల పక్షం. అయినా ఆ పిల్లవాడి ఏడుపు నా వాదనలో ఒక ఖాళీ చూపించింది. ధర్మరాజు కుక్క కట్టు లేకుండా స్వర్గం గుమ్మం దాకా నడవగలిగింది. హిమాలయాల దారిలో ఎదురొచ్చేవాళ్లు ఎవరూ లేరు మరి. కొల్లేటి గట్టు మీద కుక్క అందరికీ తెలిసిన కుక్క. ఆర్ట్స్ కాలేజీ రోడ్డు మీద ప్రతి పొద్దునా కొత్త ముఖాలే. ఇక్కడ గొలుసు కుక్కని పట్టుకోవడానికి కాదు. ఎదురొచ్చేవాళ్లకి ఇచ్చే ఒక మాట అది. నువ్వు నాకు తెలియకపోయినా నీ భయాన్ని లెక్కలోకి తీసుకున్నానని చెప్పే మాట.

మర్నాటి నుంచి రంగికి మళ్లీ గొలుసు కట్టాను. నేర్చుకున్నదేమీ వృథా పోలేదు. అది అదే చోట, ఎడమ కాలి పక్కన, అదే వరసలో నడుస్తోంది. మా మధ్య గొలుసు కిందికి వేలాడుతూ ఉంటుంది. తార్నాక గేటు నుంచి ఆర్ట్స్ కాలేజీ దాకా ఒక్కసారి కూడా బిగుసుకోదు.

సెక్యూరిటీ పెద్దాయన చూసి తలూపాడు. "ఇప్పుడు ఎంబడి వస్తున్నది" అన్నాడు.